పల్లీ నూనె

గడ్‌హింగ్లజ్,
జూన్ 9, 1997

మహారాజశ్రీ బళవంత్‌రావ్ సుతార్ గారి దివ్యసముఖానికి,

గోవింద్ లాడ్ నమస్కారాలు. నలభై ఆరేళ్ళుగా మీకు ఉత్తరం రాయలేదు. మీరు గమనించి ఉండరు. ముంబైలో పెద్దవాళ్ళ బొమ్మలు వేసేవారికి ఊళ్ళో డ్రాయింగు మాస్టర్లు గుర్తుండాలని చట్టమేమీ లేదు.

పని ఉండి రాస్తున్నాను. ముప్పై ఆరేళ్ళు హైస్కూల్లో పనిచేసి, డ్రాయింగు పరీక్షలకు ఏటా పిల్లల్ని పంపాను. కొన్ని వేల చేతులకు కూజా గీయడం నేర్పాను. అందులో ఒక్కడూ చిత్రకారుడు కాలేదు. ఇద్దరు ఎమ్మెల్యేలయ్యారు. రిటైరయ్యాక ఆ పిల్లల కోసమే ఒక పుస్తకం రాశాను. పెన్సిల్ నుంచి రాతి అచ్చు దాకా, ఏ సాధనం ఏమిటి, దాన్ని ఎలా వాడాలి, ఎక్కడ మోసం చేస్తుంది, అన్నీ ఉన్నాయి. నా పేరు అచ్చులో చూసుకోవడం ఇదే మొదలు. ఈ వయసులో ఇదే చివర కూడా.

కొల్హాపూర్‌లో పాటణ్‌కర్ అని పాఠ్యపుస్తకాలు వేసే ఆయన ఉన్నాడు. కట్టంతా తిరగేసి, "పుస్తకం బాగుంది మాస్టారూ. కానీ మీరెవరు?" అన్నాడు.

"గడ్‌హింగ్లజ్‌లో అడగండి, చెబుతారు" అన్నాను.

"గడ్‌హింగ్లజ్‌లో పుస్తకం ఎవరు కొంటారు? సుతార్ సాహెబ్ మీ క్లాసువాడట కదా. ఆయన చేత ముందుమాట రాయించండి. ఆగస్టు ఆఖరుకి తెస్తే పరీక్షల్లోపు అచ్చేస్తాను. తేకపోతే ఈ కట్ట మీ ఇంట్లోనే భద్రంగా ఉంటుంది."

కాబట్టి మీ ముందుమాట కావాలి. ఒక పేజీ చాలు. నన్ను పొగడనక్కరలేదు, అలవాటు లేదు. పెన్సిల్, బొగ్గు, పాస్టెల్, నీటిరంగుల అధ్యాయాలు జతచేశాను. తైలవర్ణాల అధ్యాయం ఇంకా సాపు చేయలేదు.

ఇట్లు,
గోవింద్ లాడ్
రిటైర్డ్ డ్రాయింగు మాస్టర్


దాదర్, ముంబై,
జూన్ 21

ఒరేయ్ గోంద్యా,

మహారాజశ్రీ ఏమిట్రా! ఆ మాట చూసి ఇన్‌కమ్‌టాక్సు వాళ్ళేమోనని మా ఆవిడ ఉత్తరం బియ్యం డబ్బాలో దాచింది. మూడు రోజుల తర్వాత అన్నం వండుతుంటే దొరికింది.

నీ అధ్యాయాలు ఏకబిగిన చదివాను. బతికే ఉన్నావన్నమాట! అది నీ చేతిరాత చూసి కాదు, తిట్లు చూసి తెలిసింది. "బొగ్గుతో గీసింది గుడ్డతో తుడిస్తే పోతుంది, మా హెడ్మాస్టర్ ఫడ్తరే ఇచ్చిన హామీలాగా." సరే. "పాస్టెల్ పొడి కాగితాన్ని పట్టుకోదు, ఊదితే లేచిపోతుంది. మా తోడల్లుడి అభిమానం కూడా ఈ రకమే." బాగానే ఉంది. కానీ నీటిరంగుల దగ్గర నీ తోడల్లుడు మళ్ళీ ఎందుకొచ్చాడు? పదమూడేళ్ళ పిల్లకి కూజా మీద మెరుపు ఎలా వదలాలో కావాలి గాని, నీ తోడల్లుడు స్థలం ఎలా కాజేశాడో ఎందుకురా?

కానీ ఒకటి చెప్పాలి. "నీటిరంగుల్లో తెలుపు అనేది రంగు కాదు, వదిలేసిన కాగితం. ఎక్కడ చెయ్యి పెట్టకూడదో తెలిసినవాడే ఇందులో గొప్పవాడు." ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను. ఇలాంటిది నేను రాయలేను. వేయగలనేమో.

ముందుమాట తప్పకుండా రాస్తాను. తైలవర్ణాలు పంపు. భడంగ్ ఇంకా తింటున్నావా? పళ్ళున్నాయా?

నీ
బాళ్యా


గడ్‌హింగ్లజ్,
జులై 3

శ్రీ బళవంత్‌రావ్ గారికి,

పళ్ళు పదకొండు ఉన్నాయి. భడంగ్ నానబెట్టుకుని తింటున్నాను. మరమరాలు నానతాయి, పల్లీలే మొండికేస్తాయి. అడిగినందుకు కృతజ్ఞతలు.

తోడల్లుడి సంగతి మా ఇందిర కూడా అంది. ఆవిడకి మరిది కదా, బాధ ఉంటుంది. "ఇది బొమ్మల పుస్తకమా, కోర్టు ఫిర్యాదా?" అని అడిగింది. "రెంటికీ సాక్ష్యం కావాలి, అంతే తేడా" అన్నాను. "నా చెల్లెలి మొగుడు పాస్టెల్ అయితే నువ్వేమిటి మరి?" అంది. జవాబు చెప్పేలోగా తనే చెప్పింది. "నువ్వు చెక్కుడు రాగిరేకువి. ఎప్పుడో పడ్డ గీతలో సిరా నింపుకుని, ఎవడు దొరికితే వాడి మీద అచ్చు వేస్తావు." ముప్పై ఆరేళ్ళు పాఠం చెప్పింది నేను, నేర్చుకున్నది ఈవిడ.

ఈసారి నాలుగు అధ్యాయాలు పంపుతున్నాను. కొయ్య అచ్చు, రాతి అచ్చు ఒకటి. కొయ్యలో వదిలేసింది అచ్చవుతుంది, చెక్కేసింది తెల్లగా మిగులుతుంది, కుడి ఎడమవుతుంది. వడ్రంగి ఇంట పుట్టిన మీకు నేను చెప్పేదేముంది? రాతి అచ్చు నడిచేది నీళ్ళకి, జిడ్డుకి పడదన్న ఒకే ఒక్క నియమం మీద. నాకు బాగా అర్థమైన విద్య అదే.

రెండోది గోడ చిత్రం. తడి సున్నం మీద, అది ఆరేలోగా రంగు పెట్టాలి. ఆ పూటకి ఎంత వేయగలవో అంత మేరే సున్నం పూయాలి. మర్నాడు దిద్దుతానంటే గోడ ఒప్పుకోదు. మనిషి చేత అబద్ధం ఆడనివ్వని పని అది. అందుకే మా ఊళ్ళో ఎవరూ వేయరు.

మూడోది గుడ్డుసొన రంగులు. పచ్చసొన పైపొర తీసి, నీళ్ళు కలిపి, పొడిరంగు నూరి వేస్తే నిమిషాల్లో ఆరుతుంది, వందల ఏళ్ళు ఉంటుంది. కొల్హాపూర్‌లో మన బొమ్మల స్కూల్లో ఈ పాఠం ఎందుకు జరగలేదో మీకు గుర్తుండే ఉంటుంది. దేవళేకర్ మాస్టర్ డజను గుడ్లు తెప్పించి బల్ల మీద పెట్టి, సుద్ద కోసం లోపలికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పన్నెండు పెంకులు. మనకి మోడల్‌గా వచ్చే హిందురావ్ పైల్వాన్ పీట మీద కూచుని మూతి తుడుచుకుంటున్నాడు. "మాస్టర్, నేను కదల్లేదు. చెయ్యి ఒక్కటే కదిలింది" అన్నాడు. ఆ తర్వాత పళ్ళ పాఠానికి మైనం పళ్ళు వచ్చాయి. వాటిలో ఒక సీతాఫలాన్ని కూడా కొరికాడు.

నాలుగోది తైలవర్ణాలు. సాపు చేశాను. శ్రద్ధగా చదవగలరు.

గోవింద్ లాడ్


దాదర్,
జులై 15

గోవిందా,

తైలవర్ణాలు చదివాను. ఆరే నూనె ఏది, ఆరని నూనె ఏది, పలచటి పొర మీదే జిడ్డు పొర ఎందుకు వేయాలి, తెలుపెందుకు త్వరగా ఆరుతుంది, నలుపెందుకు ఏడిపిస్తుంది... ఇంత సులువుగా మన దేవళేకర్ మాస్టర్ కూడా చెప్పలేదు.

నలభై ఒకటో పేజీలో ఒక వాక్యం ఉంది. "అవిసె, అక్రోటు నూనెలు ఆరతాయి. వేరుశనగ, కొబ్బరి నూనెలు ఆరవు. అందుకే కొందరు తమకన్నా బాగా వేసే సహాధ్యాయి సీసాలో అవిసె నూనె పారబోసి పల్లీ నూనె నింపి, బంగారు పతకాలూ స్కాలర్‌షిప్పులూ సంపాదించి, ముంబైలో మేడలు కట్టుకుంటారు."

ఆ వాక్యం తీసెయ్యి. ముందుమాట రాసి పంపుతాను.

బళవంత్


గడ్‌హింగ్లజ్,
జులై 20

బళవంత్‌రావ్ గారికి,

తీయను.

ఈ పుస్తకంలో నూట పన్నెండు పేజీలున్నాయి. నూట పదకొండు పేజీలు పిల్లల కోసం రాశాను. ఆ ఒక్క వాక్యం నా కోసం రాసుకున్నాను. పుస్తకం అంతా ఆ వాక్యం నిలబడడానికి వేసిన పరంజా అనుకోండి. ఫడ్తరేని తీసేయమనండి, తీసేస్తాను. తోడల్లుణ్ణి ఇప్పటికే తీసేశాను. ఇందిర మూడు రోజులు టీ ఇవ్వలేదు. కానీ ఇది తీయను. ముందుమాట మీ దగ్గరే ఉంచుకోండి.

మీకు గుర్తు లేకపోతే గుర్తు చేస్తాను. 1951 వానాకాలం. పతకం పోటీకి మోడల్ హిందురావ్. లంగోటా కట్టి, భుజాన గద పెట్టుకుని నిలుచున్నాడు. నేను ఎదురుగా, మీరు కుడివైపు. మధ్యలో ఒక స్టూలు. దాని మీద నా నూనె సీసా, మీ నూనె సీసా. ఇంకెవరి సీసా లేదు. నా బొమ్మ రెండు వారాలైనా ఆరలేదు. కొల్హాపూర్ వాన కదా, దండెం మీద ధోవతులే వారం దాకా ఆరవు, బొమ్మేం ఆరుతుందిలే అనుకున్నాను.

ప్రదర్శన రోజు పతకం ఎవరికో తేల్చడానికి ఇనాందార్ సాహెబ్ వచ్చాడు. నా బొమ్మ ముందు ఆగాడు. మీ బొమ్మ ముందు ఆగలేదు, అది మీకూ తెలుసు. "వాహ్! ఈ మీసం చూడండి, పట్టుకుంటే చేతికొచ్చేట్టుంది!" అంటూ వంగాడు. శాలువా అంచు బొమ్మ మీద పడింది. ఆయన నిటారుగా లేచేసరికి మీసం శాలువాతో వెళ్ళిపోయింది. హాలంతా నవ్వింది. హిందురావ్ జనాన్ని తోసుకుంటూ వచ్చి, "నా మీసం ఏదిరా గోవిందా? తాలీంలో తోటి పైల్వాన్లకి నేను ముఖమెట్లా చూపించను?" అని ఏడ్చాడు. ఆరున్నర అడుగుల మనిషి! ఇనాందార్ సాహెబ్ నా మీసాన్ని భుజాన వేసుకునే మీకు పతకం తగిలించాడు.

అందరూ పోయాక సీసా మూత తీసి వాసన చూశాను. పల్లీ నూనె. దానికి పక్కన ఉన్న సీసా మీది ఒక్కటే. మీరు ముంబై వెళ్ళారు, నేను కూజాల దగ్గరికి వచ్చాను.

ఇది నిజం కాదని ఒక్క మాట రాయండి. వాక్యం తీసేస్తాను.

గోవింద్ లాడ్


దాదర్,
ఆగస్టు 8

గోంద్యా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను. చివరికి నీ గోడ చిత్రం అధ్యాయం తీసి చదువుకున్నాను. ఈ పూటకి ఎంత చెప్పగలనో అంతే సున్నం పూస్తాను.

సీసాలో నూనె మార్చింది నేను కాదు. హిందురావ్.

పోటీ మొదలైన మూడో రోజు పొద్దున్నే వెళ్ళాను. ఎవరూ రాలేదు. హిందురావ్ పీట మీద కాలు చాపుకుని మోకాలికి నూనె రుద్దుకుంటున్నాడు. గది అంతా అవిసె వాసన.

"ఏం చేస్తున్నావ్ పైల్వాన్?" అన్నాను.

"మోకాలు పట్టేసింది బాళూ. వస్తాదు అవిసె నూనె రుద్దమన్నాడు. బజారుకి పోవడమెందుకని గోవిందా సీసాలోది కొంచెం తీసుకున్నా."

"కొంచెమా? సీసా అడుగంటింది!"

"నా మోకాలు నీ మోకాలంత ఉందిట్రా? ఊరికే తీసుకున్నానా? ఇదిగో, నింపుతున్నాగా. మా మేనమామ గానుగలో నిన్న ఆడించిన పల్లీ నూనె! ఆ కంపు నూనెకి వెయ్యి రెట్లు మేలు. దీంతో వేస్తే బొమ్మలో నాకు ఇంకాస్త కండ పడుతుంది."

"మరి నా సీసాలో తీసుకోలేదేం?"

"నువ్వు అరుస్తావు. గోవిందా మంచోడు."

నవ్వుకున్నాను. నువ్వు రాగానే చెబుదామనుకున్నాను. నువ్వు వచ్చావు, తడిసిన గొడుగు మూలన పెట్టావు, నాతో మాట్లాడకుండానే కుంచె పట్టుకున్నావు. మధ్యాహ్నానికి ఆ ఎడమ భుజం మీద వెలుగు వేశావు. గద బరువంతా ఆ భుజంలో కనిపించింది. నా బొమ్మ వైపు చూసుకున్నాను. నా వాడు భుజాన దూదిబస్తా మోస్తున్నట్టున్నాడు. సరే, రేపు చెబుదాం అనుకున్నాను.

గోంద్యా, అలాంటి రేపులు పన్నెండు గడిచాయి. రోజూ నువ్వు ఆ సీసాలో కుంచె ముంచడం చూశాను. నేనేమీ చేయలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. నలభై ఆరేళ్ళుగా అదే చెప్పుకుంటున్నాను. హిందురావ్‌కి మాత్రం చచ్చేదాకా తెలియదు. పోయినేడు పోయాడు. ఆఖరుసారి కలిసినప్పుడు కూడా, "గోవిందాకి మంచి నూనె పోశాను గాని, వాడికి మీసం అంటించడమే రాలేదు పాపం" అన్నాడు.

నీ వాక్యం తీసేయమన్నది సిగ్గుపడి. తప్పు రాశావని కాదు. ముందుమాట ఇందులో పెట్టాను. వాక్యం ఉంచుకో. కాకపోతే ఒక్కటి దిద్దు. నేను నూనె పోసినవాణ్ణి కాదు, పోస్తుంటే చూసి ఊరుకున్నవాణ్ణి. వెలుగు ఎక్కడ పడిందో అక్కడే వేయాలని నువ్వే రాశావు కదా.

బాళ్యా


గడ్‌హింగ్లజ్,
ఆగస్టు 24

ఒరేయ్ బాళ్యా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. మొదటి రెండు రోజులు నిన్ను తిట్టాను. మూడో రోజు హిందురావ్‌ని తిడదామని కూచున్నాను. "కండ పడుతుంది" దగ్గరికి రాగానే నవ్వొచ్చింది. ఇందిర వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నాకేదో అయిందనుకుంది. "ఈ ఇంట్లో ఈ చప్పుడు ఎప్పుడూ వినలేదు" అంది.

ఉత్తరం తనకిచ్చాను. చదివి, కళ్ళజోడు తీసి, "ఆయన పన్నెండు రోజులు చూసి ఊరుకున్నాడు, సరే. పన్నెండు రోజులు కుంచె ముంచినవాడివి నువ్వు. నీ ముక్కు ఎక్కడికెళ్ళింది?" అంది.

నలభై ఆరేళ్ళుగా ఈ ప్రశ్న ఎవరూ అడగకూడదని నేను చేసిన ప్రయత్నం అంతా ఇంతా కాదు. అడిగింది కాబట్టి నీకూ చెబుతున్నాను. నాల్గో రోజే నాకు పల్లీ వాసన వచ్చిందిరా. కుంచె ఎత్తినప్పుడల్లా వచ్చింది. జేబులో భడంగ్ పొట్లం ఉండేది కదా. గీతకొక గుప్పెడు తినేవాణ్ణి. నా వేళ్ళ వాసనే అనుకున్నాను. ఒక్కసారి చెయ్యి కడుక్కుని చూస్తే తేలిపోయేది. కడుక్కుంటే తినడం ఆగిపోతుందని కడుక్కోలేదు.

కాబట్టి ముద్దాయిలు ముగ్గురు. ఒకడు పోశాడు, ఒకడు చూశాడు, ఒకడు తింటూ కూచున్నాడు. నువ్వు చేసింది చిన్న తప్పని మాత్రం అనను. అలా అంటే ఆ నూట పన్నెండు పేజీలు రాసినవాడు నేను కాకుండా పోతాను. ఆ సంగతి నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు ఎదురుగా కూచోబెట్టి తిడతాను. ఉత్తరంలో తిట్టి తిట్టి చెయ్యి నొప్పెడుతోంది.

కట్ట పాటణ్‌కర్‌కి ఇచ్చాను. నీ ముందుమాట చదివి, "సుతార్ సాహెబ్ ఇందులో మిమ్మల్ని తనకన్నా మంచి చిత్రకారుడన్నారేమిటి?" అన్నాడు. "ఆయన ముప్పై ఏళ్ళుగా గొప్పవాళ్ళ బొమ్మలు వేస్తున్నాడు, పొగడ్త అలవాటైపోయింది" అన్నాను. కానీ ఆ పేజీ తీసేయమని అనలేదు. బొగ్గు అధ్యాయంలో ఫడ్తరే కూడా అలాగే ఉన్నాడు. నలభై ఒకటో పేజీలో వాక్యం మార్చాను. ఇప్పుడిలా ఉంటుంది.

"వేరుశనగ నూనె ఆరదు. విద్యార్థులు నూనె సీసాను పైల్వాన్లకు అందనంత ఎత్తున ఉంచాలి. వాడబోయే ముందు చేతులు కడుక్కుని వాసన చూడాలి. పక్కవాడి సీసాలో తేడా కనిపిస్తే ఆ రోజే చెప్పాలి."

పాటణ్‌కర్ బుర్ర గోక్కున్నాడు. "పైల్వాన్లు ఎందుకండీ?" అన్నాడు. "కొల్హాపూర్ పిల్లలకి అర్థమవుతుంది" అన్నాను.

ఇంకో సంగతి. మొన్న అటక మీంచి ఆ బొమ్మ దింపించాను. ఆ ప్రదర్శన నాటి నుంచి దాన్ని గోడవైపు తిప్పే ఉంచాను. దుమ్ము, రెక్కల పురుగులు, ఒక తేనెటీగ, ఇనాందార్ శాలువా ఎర్ర పోగు ఒకటి, అన్నీ అతుక్కుని ఉన్నాయి. సూదితో ఒక్కొక్కటే తీశాను. ఆ ఎడమ భుజం నువ్వన్నట్టే ఉందిరా. బాగుంది. మూతి దగ్గర ఖాళీ. అక్కడ వేలు పెట్టి చూశాను. ఇంకా అంటుకుంటోంది.

ఆరని పొర మీద ఆరే పొర వేయకూడదని ముప్పై తొమ్మిదో పేజీలో నేనే రాశాను. అయినా మీసం పెడదామనుకుంటున్నాను. మీసం లేకుండా పోయాడు పాపం పైల్వాన్.

ఇక్కడ బజార్లో మంచి అవిసె నూనె దొరకదు. నువ్వు వచ్చేటప్పుడు ఒక సీసా పట్రా. మూత తీసి వాసన నేనే చూస్తాను.

గోంద్యా